అమ్మానాన్నల మందులు ఇంట్లో ఎక్కడ పెడుతున్నారు? వేసుకున్నారో లేదో ఎలా చూసుకుంటున్నారు?

పల్నాడు_పెద్దకొడుకు
నాన్నకి 74, అమ్మకి 69. ఇద్దరికీ కలిపి రోజుకి 14 బిళ్ళలు, అమ్మకి రెండు పూటలా ఇన్సులిన్. వాళ్ళు నరసరావుపేటలో, నేను బెంగళూరులో. పోయిన వారం వెళ్తే మందులన్నీ ఒకే క్యారీబ్యాగులో, ఆ బ్యాగు ఫ్రిజ్ మీద ఉంది. పరుపు దులుపుతుంటే కింద నాన్న బీపీ బిళ్ళలు 26 దొరికాయి. డాక్టరుకి మాత్రం నెలనెలా "అన్నీ వేసుకుంటున్నా" అనే చెప్తున్నారు. మందులు ఎక్కడ పెట్టాలి? కరెంటు పోతే ఇన్సులిన్ సంగతేంటి? వేసుకున్నారో లేదో దూరం నుంచి ఎలా తెలుసుకోవాలి? మీ ఇళ్ళలో ఏం చేస్తున్నారో చెప్పండి.

కరీంనగర్_కోడలు
అన్నా, వారం డబ్బా కొనండి. రోజుకి నాలుగు గదులు, మొత్తం 28. ఆదివారం పొద్దున కూర్చుని నింపేస్తాను, గది ఖాళీ అయితే వేసుకున్నట్టు. మా అత్తమ్మకి గుండె గోలీ ఒకటి వారానికి ఐదు రోజులే, శని ఆదివారాలు వద్దన్నారు. డబ్బా లేనప్పుడు ఏ రోజు వద్దో మర్చిపోయి రోజూ వేసుకుంది. వాంతులు, అన్నం సయించలేదు, కళ్ళ ముందు పచ్చగా కనిపిస్తోందని ఏడ్చింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. డబ్బా వచ్చాక రెండేళ్ళుగా ఒక్క పొరపాటు లేదు.

ఫార్మసీ_32ఏళ్ళు
నేను 32 ఏళ్ళు మందుల షాపు నడిపాను. డబ్బా అనగానే అందరూ షీట్లు విప్పి పోసేస్తున్నారు, అది తప్పు. ఫిట్స్‌కి ఇచ్చే సోడియం వాల్‌ప్రోయేట్ గాలిలో తేమ పీల్చుకుని మెత్తబడుతుంది. రక్తం గడ్డకట్టకుండా వేసే డాబిగాట్రాన్ క్యాప్సూల్ కూడా దాని ప్యాకులోనే ఉండాలి. పైగా షీటు పారేస్తే ఎక్స్‌పైరీ తేదీ, బ్యాచ్ నంబరు ఏమీ మిగలవు. ఇవి తెలియకుండా సలహాలు ఇవ్వకూడదు.

కరీంనగర్_కోడలు
సార్, మీరు 32 ఏళ్ళు కౌంటర్ వెనక నిలబడ్డారు. మంచం పక్కన కూర్చున్నది నేను. ఆ నాలుగు రోజుల్లో అత్తమ్మ చెయ్యి పట్టుకుని ఎంత భయపడ్డానో మీకు తెలియదు. ఫిట్స్ గోలీ మా ఇంట్లో లేదు. ఉన్నవాళ్ళకి చెప్పండి, వింటారు. అందరినీ కలిపి తెలియనివాళ్ళు అనకండి.

చీరాల_చిన్నమ్మాయి
విప్పకూడదంటే ఏం చేస్తారో నేను చెప్తాను. మేము షీటుని కత్తెరతో ఒక్కో బిళ్ళగా కత్తిరించి, రేకుతోనే డబ్బాలో వేశాం. నాన్నకి చూపు తక్కువ. ఒక రాత్రి రేకుతో సహా మింగేశారు. గొంతులో ఏదో గుచ్చుకుంటోందన్నారు, తెల్లారి ఉమ్మిలో రక్తం. ఎండోస్కోపీ చేసి తీశారు. కత్తిరించిన రేకు మూలలు బ్లేడులా ఉంటాయి. దయచేసి ఎవరూ అలా చేయకండి.

ఫార్మసీ_32ఏళ్ళు
అమ్మా, ఇలాంటివి నేనూ చూశాను, అందుకే గట్టిగా మాట్లాడతాను. రేకులో ఉండాల్సిన మందు ఉంటే దాన్ని కత్తిరించకుండా వేరే పెట్టెలో పెట్టి, డబ్బాలోని ఆ గదిలో "తెల్ల షీటు ఒకటి" అని చీటీ పెట్టండి. మిగతావి ఒక్క వారానికే విప్పండి. విప్పే ముందు షీటు వెనక తేదీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తేదీ ఉన్న చివర ఎప్పుడూ ఆఖరున వాడాలి.

ఒంగోలు_టీచరు
డబ్బా గొడవలో ఇన్సులిన్ సంగతి ఎవరూ చెప్పలేదు. మా అమ్మ సీసాని జాగ్రత్తగా ఉంటుందని డీప్ ఫ్రిజ్ పక్కన, ఐసు తగిలేచోట పెట్టింది. రాత్రికి గడ్డకట్టింది, పొద్దున కరిగింది, అదే పొడుచుకుంది. వారం రోజులు షుగర్ 350 నుంచి దిగలేదు. డాక్టరు డోసు పెంచాలేమో అన్నారు. సీసా సంగతి అప్పుడు బయటపడింది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. తెరవని సీసాలకి 2 నుంచి 8 డిగ్రీలు కావాలి, ఫ్రిజ్ మధ్య అరలో పెట్టండి. తలుపు అర కూడా వద్దు, తీసినప్పుడల్లా వేడిగాలి తగులుతుంది. వాడుతున్న సీసా బయట ఉండొచ్చు, చాలా రకాలకి దాదాపు నాలుగు వారాలు. కానీ మన మే నెలలో ఇంట్లో చల్లదనం ఎక్కడిది? ఇన్వర్టరు మీద మా ఫ్రిజ్ నడవదు. అమ్మమ్మ చేసినట్టే చేశాం. పెద్ద కుండలో తడి ఇసుక, అందులో చిన్న కుండ, సీసా ప్లాస్టిక్ డబ్బాలో, పైన తడిగుడ్డ. రోజుకి రెండుసార్లు నీళ్ళు చల్లాలి. థర్మామీటరు పెట్టి చూస్తే బయటి కంటే స్పష్టంగా తక్కువ ఉంది. తెరిచిన తేదీ సీసా మీద ప్లాస్టర్ అంటించి రాయండి, అది మర్చిపోతే మిగతాదంతా వృథా.

టెక్సస్_తమ్ముడు
దూరం నుంచి చూసుకోవడం గురించి. నేను అమ్మ గదిలో కెమెరా పెట్టాను, మందుల బల్ల వైపు తిప్పి. ఇక్కడ రాత్రి అవుతుంది, అక్కడ పొద్దున. ఆవిడ బిళ్ళ వేసుకున్నాకే నేను పడుకుంటాను. టైముకి తనంతట తాను బిళ్ళలు ఇచ్చే మెషిన్ కూడా పంపాను, మోగినప్పుడు అమ్మ కంగారుపడి ప్లగ్గు తీసేస్తోంది. కెమెరా మాత్రం పనిచేస్తోంది.

ఆదోని_అమ్మాయి
అమ్మ పడుకునే గదిలో కెమెరానా తమ్ముడూ? ఆవిడని అడిగావా? మా అన్నయ్య కూడా ఇలాగే పెట్టాడు. మా అమ్మ చీర మార్చుకోవడానికి బాత్రూమ్‌లోకి వెళ్ళడం మొదలుపెట్టింది, తడి నేల మీద జారి తుంటి విరిగింది. బిళ్ళలు మాత్రం టైముకి వేసుకుందని వాడి ఫోన్‌లో ఉంది.

టెక్సస్_తమ్ముడు
అక్కా, నేనేమీ నిఘా పెట్టలేదు. 2021లో నాన్న పోయినప్పుడు ఫ్లైట్ దొరక్క చివరి చూపు దక్కలేదు. ఇంకొకరిని అలా పోగొట్టుకోలేను. సరే, ఇవాళే అడుగుతాను. వద్దంటే వంటింట్లోకి మారుస్తాను.

ఏలూరు_సుబ్బారావుగారబ్బాయి
ఇది కొంచెం వేరే ప్రశ్న. గుండెలో వాల్వు మార్చాక అమ్మకి రక్తం పలచబడే మందు ఇస్తున్నారు. ఆకుకూరలు పూర్తిగా మానేయాలా? గోంగూర లేకపోతే ముద్ద దిగదు ఆవిడకి.

జగిత్యాల_నర్సు
మానేయక్కర్లేదు తమ్ముడూ. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఆ మందుకి అడ్డుపడుతుంది కాబట్టి ఒక వారం అసలు తినకుండా, ఇంకో వారం రోజూ తింటే ఐఎన్ఆర్ (రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతుందో చూపే పరీక్ష లెక్క) అటూ ఇటూ పోతుంది. ప్రతివారం ఇంచుమించు ఒకేలా తినమనండి. నొప్పికి షాపులో అడిగి ఏ బిళ్ళా కొనొద్దు, గోంగూర కంటే వాటితోనే ఎక్కువ భయం. రక్తపరీక్ష తేదీ క్యాలెండర్ మీద రాయండి.

నిజామాబాద్_శ్రీను
కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళు ఇంట్లో ఉంటే ఇది చదవండి. అది వారానికి ఒక్కరోజే. మా పెద్దమ్మకి చీటీ మీద ఇంగ్లీషులో రాశారు, షాపువాళ్ళు కవరు మీద "రాత్రి 1" అని రాసిచ్చారు. తొమ్మిది రోజులు రోజూ వేసుకుంది. నోరంతా పుండ్లు, మంచినీళ్ళు కూడా దిగలేదు, తెల్లకణాలు పడిపోయాయి. బతికింది, దేవుడి దయ. ఇప్పుడు ఆ షీటు మా ఇంట్లో బీరువాలో ఉంటుంది, మంగళవారం నేనే తీసిస్తాను. మిగతా మందులతో కలిపి పెట్టం.

వరంగల్_రెండోకూతురు
మందు విడిగా దాచే సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. బాపుకి క్యాన్సర్. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించే విభాగం వాళ్ళు మార్ఫిన్ ఇచ్చి, లెక్క రాయమన్నారు. చిన్న నోటుబుక్కులో టైము, నొప్పి పదికి ఎంత, ఎన్ని మిగిలాయి అన్నీ రాసేదాన్ని. ఆ లెక్క వల్లే ఒకరోజు రెండు తక్కువ ఉన్నట్టు తెలిసింది. నడుమునొప్పి అని మా చుట్టం తీసుకున్నాడు. ఆరోజు నేను అరిచిన అరుపుకి ఇప్పటికీ మాట్లాడడు. నాకు బాధ లేదు. బాపు పోయాక 18 మిగిలాయి. దాచుకోవడానికి మనసు రాలేదు, పారేయడానికి భయం. తిరిగి తీసుకెళ్ళి వాళ్ళకే ఇచ్చాను.

ఫార్మసీ_32ఏళ్ళు
మంచిపని చేశావమ్మా. తిరిగి ఇచ్చే వీలు లేనివాళ్ళకి కూడా దారి ఉంది. 2025లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 17 రకాల మందుల పట్టిక ఇచ్చింది, మిగిలితే టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేయమని. మార్ఫిన్, ఫెంటానిల్, ట్రమడాల్, డయాజెపామ్ అందులో ఉన్నాయి. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు మింగుతారన్న భయంతో పెట్టిన రూలు అది. మిగతా మందులకి అలా చేయకూడదు, నీళ్ళు పాడవుతాయి.

కరీంనగర్_కోడలు
సార్, మరి బ్రాండు మారిస్తే చెప్పరేం షాపుల్లో? జనఔషధిలో తెచ్చిన షుగర్ గోలీ, పాత కంపెనీ గోలీ రెండూ ఒకటే మందని మాకు తెలియక మామయ్యకి రెండూ ఇచ్చాం. షుగర్ 42కి పడిపోయింది. పేరు పెద్దక్షరాల్లో కంపెనీది, మందుది చీమంత.

జగిత్యాల_నర్సు
అందరూ ఇంత రాశారు, పరుపు కింద 26 బిళ్ళల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. అన్నా, మీరు దూరం నుంచి ఎలా చూసుకోవాలా అని అడిగారు. ముందు ఆయన ఎందుకు దాస్తున్నారో అడగండి. మా వార్డులో ఇది మళ్ళీ మళ్ళీ చూస్తాం. ఇంట్లో మందు వేసుకోరు, బీపీ తగ్గట్లేదని డాక్టరు డోసు పెంచుతారు, రెండో మందు కలుపుతారు. తర్వాత ఏ జ్వరానికో అడ్మిట్ అవుతారు. మేము చీటీలో ఉన్నవన్నీ టైముకి ఇస్తాం, బీపీ 80కి పడిపోతుంది. ఇప్పుడు డబ్బా, కెమెరా పెట్టి ఆ బిళ్ళలన్నీ ఒక్కసారిగా మింగిస్తే మీ నాన్నకీ అదే అవుతుంది. ఆ 26 బిళ్ళలూ కవర్లో వేసి, ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరు టేబుల్ మీద పెట్టండి.

పల్నాడు_పెద్దకొడుకు
అక్కా, మీ పోస్టు చదివి సెలవు పెట్టి వెళ్ళాను. నాన్నని గట్టిగా అడిగితే అప్పుడు చెప్పారు. బిళ్ళ వేసుకున్న గంటకి లేవగానే కళ్ళు తిరిగి, ఒకసారి బావి గట్టు దగ్గర పడబోయారట. చెప్తే పొలానికి ఎక్కడ వెళ్ళనివ్వమోనని మాకు చెప్పలేదు. డాక్టరు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు. నిలబడితే 30 తగ్గింది. రెండు మందుల్లో ఒకటి తీసేసి, రెండోది సగం చేసి రాత్రికి మార్చారు. పది రోజులయింది, పరుపు కింద రోజూ చూస్తున్నానని అమ్మ చెప్పింది, ఏమీ లేవట. ఇసుక కుండ కూడా పెట్టాం. ఒంగోలు టీచరుగారూ, ఇసుక ఎన్నాళ్ళకి మార్చాలి? వాసన మొదలైంది.

ఒంగోలు_టీచరు
పదిహేను రోజులకి. తీసి ఎండలో పరిచి మళ్ళీ వాడుకోవచ్చు. కుండ కింద ఇటుక పెట్టండి, గాలి ఆడాలి.