పాత స్ప్లిట్ కేన్ రాడ్: గీకించి వాడుకోవాలా, ముట్టుకోకుండా దాచుకోవాలా?

రెండోగాలం
హార్డీ అనే ఇంగ్లండ్ కంపెనీ వాళ్ల పలకోనా ఫ్లై రాడ్ ఒకటి ఈమధ్యే నా చేతికొచ్చింది. వెదురు బద్దలు అతికించి (స్ప్లిట్ కేన్) చేసిన చేపల గాలం కర్ర. తొమ్మిది అడుగులు, మూడు ముక్కలు. కొస ముక్క కొద్దిగా ఒక పక్కకి వంగింది. వార్నిష్ అక్కడక్కడా పెచ్చులు లేచింది, గాలం దారం దూరే రింగుల దగ్గర పట్టుదారం చుట్లు మూడు చోట్ల వదులయ్యాయి. పిడి పైన వెదురు మీద సిరాతో రాసిన అక్షరాలు మాత్రం ఇంకా చదవడానికి వస్తున్నాయి.

రాడ్లు బాగుచేసే ఒకాయనకి చూపిస్తే, "మొత్తం గీకేసి కొత్త రాడ్‌లా చేసిస్తాను, హాయిగా చేపలు పట్టుకోండి" అన్నాడు. పాత రాడ్లు పోగుచేసే మిత్రుడేమో, "దాన్ని గీకించావంటే మళ్లీ నీతో మాట్లాడను" అన్నాడు. నాకు దాంతో చేపలు పట్టాలనే ఉంది. విరిగితే ఎలా అని టెన్షన్ కూడా ఉంది. ఏం చేయమంటారు?

సిరాగీత
మీ మిత్రుడిదే నా మాట కూడా. ఆ సిరా రాత వార్నిష్ కింద ఉంటుంది. వార్నిష్ గీకితే దాంతోపాటే పోతుంది. ఆ రాత, రాడ్ మీద కొట్టిన నంబరు ఉంటేనే అది ఏ కాలంలో తయారైందో చెప్పగలం. లేకపోతే అది ఎవరిదో తెలియని ఒక వెదురు కర్ర.

ఇంకో సంగతి. ఈ రాడ్లకి వాడే మేలురకం వెదురు, టాంకిన్ కేన్ అంటారు, చైనాలో గ్వాంగ్‌డాంగ్ కొండల్లో పండేది. 1950లో అమెరికా చైనా సరుకు మీద నిషేధం పెట్టింది, రెండు దశాబ్దాలు ఎత్తలేదు. అక్కడ రాడ్లు చేసేవాళ్లలో వెదురు నిల్వ ఉన్నవాళ్లు లాక్కొచ్చారు, మిగతావాళ్లు ఫైబర్ గ్లాస్ వైపు వెళ్లిపోయారు. పాత రాడ్లు ఇంక పెరిగేవి కావు. ఒకటి విరిగిందంటే ఒకటి తగ్గినట్టే.

గట్టుమీద
సిరాగీత గారూ, అది బొమ్మల కొలువులో పెట్టడానికి చేసిన వస్తువు కాదు కదా. ఇంగ్లండ్‌లో రిచర్డ్ వాకర్ అనే ఆయన 1952లో రెడ్‌మైర్ చెరువులో 44 పౌండ్ల కార్ప్ చేపని పట్టింది స్ప్లిట్ కేన్ రాడ్‌తోనే. మార్క్ ఫోర్ అని ఆయనే డిజైన్ చేసుకున్న పది అడుగుల రాడ్. అంత చేపని ఒడ్డుకి లాగిన వెదురు, రెండోగాలం గారు పట్టే చిన్న ట్రౌట్ చేపకి విరుగుతుందా?

సిరాగీత
1952లో వాకర్ రాడ్ కొత్తదండీ! లోపల జిగురు కూడా కొత్తదే. దానికీ, ఎన్నో చేతులు మారిన పలకోనాకీ పోలికేమిటి?

గట్టుమీద
సరే, అక్కడ దొరికిపోయాను. కానీ క్రిస్ యేట్స్ అదే చెరువులో 1980లో 51 పౌండ్లు దాటిన కార్ప్ పట్టాడు, అదీ కేన్‌తోనే. అప్పటికి కార్బన్ రాడ్లు వచ్చేశాయి. కావాలని వెదురు పట్టుకున్నాడు. వాడకుండా దాచిన వెదురు చచ్చిపోతుందని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

బద్దలజిగురు
నేను ఈ రాడ్లు విప్పి మళ్లీ కట్టే పనిలో ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు గట్టుమీద అన్నకి. వాడకపోతే వెదురు చావదు. పొడిగా, నీడలో, గుడ్డ సంచిలో వేలాడదీస్తే ఎన్నేళ్లైనా ఉంటుంది. తడిసిన రాడ్‌ని అలాగే గొట్టంలో పెట్టి మూత బిగిస్తే మాత్రం పాడవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. వెదురు వయసు కంటే ముందు జిగురు వయసు చూడాలి. ఈ రాడ్‌లో ఒక్కో ముక్క ఆరు బద్దలు కలిపి అతికించింది. ఒక్కో బద్ద అరవై డిగ్రీల త్రికోణంగా చెక్కి ఉంటుంది, గట్టి నార అంతా బయటి వైపుకి వచ్చేలా. కణుపులన్నీ ఒకే చోట పడకుండా బద్దల్ని జరిపి పెడతారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రాడ్లలో చాలావాటికి జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జిగురే. దానికి తడి పడదు, వేడి అసలే పడదు. బాగా పాత రాడ్లలో రింగులు లేని చోట కూడా దగ్గర దగ్గరగా దారం చుట్లు కనిపిస్తాయి చూడండి, చాలామంది అలంకారం అనుకుంటారు. ఆ జిగురు మీద నమ్మకం లేకే ఆ కట్లు కట్టేవాళ్లు. తర్వాత రసాయన జిగుళ్లు వచ్చాక ఆ చుట్లు తగ్గిపోయాయి.

కాబట్టి రెండోగాలం గారూ, గీకించడం సంగతి తర్వాత. రాడ్ బిగించి, పిడి పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపండి. టిక్ టిక్ మని చప్పుడు వస్తే ఫెర్రూల్ (ముక్కల్ని కలిపే లోహపు గొట్టం) వదులైనా అయి ఉండాలి, బద్దల మధ్య అతుకైనా విడిపోయి ఉండాలి. తర్వాత ముక్కల్ని విడదీసి, ఒక్కోదాన్నీ ఆరు ముఖాల మీదా తిప్పుతూ కొంచెం కొంచెం వంచండి. ఏదో ఒక వైపు మాత్రమే మెత్తగా అనిపిస్తే అక్కడ అతుకు పోయినట్టే. ఫెర్రూల్ అంచు దగ్గర మరీ జాగ్రత్తగా చూడండి. లోహం వంగదు, వెదురు వంగుతుంది, బరువంతా ఆ రెండూ కలిసే గీత మీద పడుతుంది. నా దగ్గరికి విరిగి వచ్చేవాటిలో ఎక్కువ అక్కడ విరిగినవే.

ఇవన్నీ బాగుంటే వదులైన మూడు చుట్లు మాత్రం కొత్త పట్టుదారంతో కట్టించండి, పెచ్చులు లేచిన చోట మాత్రమే వార్నిష్ అద్దించండి. పట్టు వార్నిష్ పీల్చుకుంటే గాజులా పారదర్శకమై రంగు మారిపోతుంది. పాత చుట్ల రంగుకి కలవాలంటే ముందు ఒక కొత్త దారపు ముక్క మీద వార్నిష్ వేసి చూడమనండి. పూర్తిగా గీకడం అనవసరం.

కొస ముక్క వంపుని వేడి చూపించి సరిచేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. వంపుతో పాటు అతుకు కూడా వదిలేస్తుంది. ఆ మాత్రం వంపుతో రాడ్ బాగానే విసురుతుంది.

తడిసంచి
వేడి గురించి బద్దలజిగురు గారు చెప్పింది అక్షరాలా నిజం. నా స్వయంకృతం చెప్తాను. ఒక పాత మూడు ముక్కల రాడ్‌ని మధ్యాహ్నం ఎండలో, అద్దాలు మూసిన కారు వెనక సీట్లో వదిలేసి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చి బిగించి మొదటిసారి విసిరేసరికి మధ్య ముక్క పువ్వులా విచ్చుకుంది. ఆరు బద్దలూ వేటికవే! చేప కూడా లేదు, గాలికే పోయింది. అందుకే "చేపలు పట్టాలా వద్దా" అని జరిగే వాదనలు చూస్తే నాకు నవ్వొస్తుంది. చేప కంటే మన మతిమరుపే దానికి పెద్ద ప్రమాదం.

గట్టుమీద
లైన్, అంటే గాలం దారం సంగతి ఎవరూ ఎత్తలేదేం? పాత ఫ్లై రాడ్లకి పట్టు లైన్లు వాడేవాళ్లు, వాటికి హెచ్.డి.హెచ్. లాంటి అక్షరాలు ఉండేవి, లావుని బట్టి. ఇప్పటి నంబర్లు మొదటి 30 అడుగుల బరువుని బట్టి. హెచ్.డి.హెచ్. అంటే సుమారుగా ఇప్పటి ఆరో నంబరు. పాత రాడ్ అంటే దుడ్డుకర్ర అనుకుని ఎనిమిదో నంబరు ఎక్కించేవాళ్లని చూశాను.

బద్దలజిగురు
మంచి మాట. అనుమానం ఉంటే ఒక నంబరు తక్కువే వేసుకోండి. చేప పడ్డాక రాడ్‌ని నిటారుగా వెనక్కి లాగకండి, కొస ఒక్కటే కొక్కెంలా వంగిపోతుంది. కాసేపు ఒక వైపు పోరాడాక రాడ్‌ని తిప్పి రింగులు పైకి వచ్చేలా పట్టుకుంటే, ఒకే పక్కకి వంపు పడదు. ఫెర్రూల్ విడదీసేటప్పుడు మెలి తిప్పొద్దు, తిన్నగా లాగండి.

సిరాగీత
మూడు చుట్లు కట్టించడానికి నాకు అభ్యంతరం లేదు. తీసిన పాత దారం పారేయకుండా ఒక కవరులో పెట్టి సంచిలోనే ఉంచండి, కట్టకముందు ఫోటోలు తీయండి. చేపలు పట్టడం దగ్గర మాత్రం నా అభిప్రాయం మారలేదు. చేపలు పట్టడానికి ఇప్పుడు కొత్తగా చేసే వెదురు రాడ్లు లేవా?

రెండోగాలం
అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం చెప్పినట్టే చూశాను. ఊపితే టిక్ మంది! గుండె జారింది. ముక్కలు విడదీసి వంచి చూస్తే మూడూ అన్ని వైపులా ఒకేలా ఉన్నాయి, చప్పుడు పై ఫెర్రూల్‌దే. దాన్ని బిగించడానికీ, మూడు చుట్లు కట్టడానికీ ఇస్తున్నాను. గీకనని ఆయన చేత కాగితం మీద రాయించుకున్నాను, పాపం కొంచెం నొచ్చుకున్నాడు. సిరాగీత గారూ, ఫోటోలు తీశాను, కవరు కూడా సిద్ధం. కానీ రాడ్ తిరిగొచ్చిన వారం ఐదో నంబరు లైన్‌తో నీళ్ల దగ్గరికి వెళ్తున్నాను. కారులో వదలను.

సిరాగీత
వెళ్లండి. విరిగితే నాకు చెప్పకండి.