మే 29 సభ: లైబీరియా ప్రదర్శన బోర్డుల గురించి వలంటీర్ల చర్చ

సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. అంతర్జాతీయ శాంతి పరిరక్షకుల దినం సందర్భంగా అమెరికాలోని మన బ్రూక్లిన్ పార్క్‌లో, పశ్చిమాఫ్రికా దేశం లైబీరియా నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్న కుటుంబాలతో కలిసి మన సంఘం జరపనున్న సభకు ఎనిమిది బోర్డుల పాఠం ఈ ఆదివారానికల్లా సిద్ధం కావాలి. 2007 జనవరిలో లైబీరియా రాజధాని మన్రోవియా చేరిన మన సీఆర్‌పీఎఫ్ మహిళా దళం, ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో అందరూ మహిళలే ఉన్న మొదటి పోలీసు దళం కాబట్టి, మొదటి నాలుగు బోర్డులూ వారికే ఇద్దామని నా ప్రతిపాదన.

పాఠం రాసే బాధ్యురాలు:
మన్నించండి అన్నయ్యా, ఆ వరుసకు నేను ఒప్పుకోలేను. మనవాళ్లు వెళ్లేసరికి అక్కడి అంతర్యుద్ధం ఆగి మూడేళ్లు దాటింది. 1989లో మొదలై, నడుమ కొంతకాలం సద్దుమణిగి, 2003 దాకా సాగిన ఆ యుద్ధాల్లో సుమారు రెండున్నర లక్షల మంది చనిపోయారు. ఘనా రాజధాని అక్రాలో శాంతి చర్చలు తెమలకుండా సాగుతున్నప్పుడు, శాంతి ఉద్యమ నాయకురాలు లేమా బోవీ వెంట వెళ్లిన లైబీరియా మహిళలు చర్చల గది గుమ్మానికి అడ్డంగా బైఠాయించి ప్రతినిధులను కదలనివ్వలేదు. మొదటి బోర్డు వాళ్లది కావాలి.

రెండోది నిరాయుధీకరణ, అంటే పోరాటకారులకు డబ్బిచ్చి ఆయుధాలు అప్పగించుకోవడం. 2003 డిసెంబరులో మన్రోవియా దగ్గరి షీఫలిన్ శిబిరానికి అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు మంది పోరాటకారులు వచ్చి, డబ్బు ఏదని గొడవకు దిగడంతో పని నిలిపివేసి, మళ్లీ 2004 ఏప్రిల్‌లో మొదలుపెట్టాల్సి వచ్చింది. చివరికి లక్షకు పైగా మంది నమోదైతే, చేతికొచ్చిన తుపాకులు దాదాపు 28 వేలే. తుపాకీ లేకపోయినా 150 తూటాలు అప్పగిస్తే చాలు, రెండు విడతలుగా 300 డాలర్లు దక్కేవి కాబట్టి దొంగ పేర్లు చేరే ఉంటాయి. అయితే ముఠాలకు వండిపెట్టిన, మూటలు మోసిన ఆడవాళ్లూ పిల్లలూ కూడా ఆ లెక్కలోనే ఉన్నారు గనుక, తేడా అంతా మోసమేనని రాయడం అన్యాయం.

ఫొటోల బాధ్యుడు:
అక్కా, ఆ బోర్డుకు తుపాకులు పట్టిన పిల్లల ఫొటోలు బోలెడు దొరుకుతున్నాయి, పెట్టమంటారా?

పాఠం రాసే బాధ్యురాలు:
వద్దు తమ్ముడూ. ఆ వయసులో తుపాకీ మోసినవారూ, అలాంటి వారి చేతుల్లో అయినవాళ్లను పోగొట్టుకున్నవారూ మన సభలో పక్కపక్క కుర్చీల్లో కూర్చోవచ్చు. ఆ గాయాలు ఇంకా మానలేదు: యుద్ధ నేరాల న్యాయస్థానానికి కార్యాలయం ఏర్పాటు చేస్తూ అక్కడి అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చిందే 2024లో. అప్పగించిన ఆయుధాల కుప్ప ఫొటో ఒక్కటి సరిపోతుంది.

సమన్వయకర్త:
సరేనమ్మా, మనవాళ్లకు రెండు బోర్డులు చాలు. రాత్రి గస్తీ, అప్పటి లైబీరియా అధ్యక్షురాలి కార్యాలయానికి కాపలా, 2016లో తిరుగు ప్రయాణం అందులో వస్తాయి. చివరి బోర్డుకు లైబీరియాలో 2023 ఎన్నికలు పెట్టండి: శాంతి దళం 2018 మార్చిలోనే వెళ్లిపోయింది, అయినా పదవిలో ఉన్న అధ్యక్షుడు జార్జ్ వెయా స్వల్ప తేడాతో ఓడిపోయి, ఓటమిని ఒప్పుకుని దిగిపోయారు. ముద్రణకు ఇచ్చేముందు పాఠం మొత్తాన్ని లైబీరియా కుటుంబాల పెద్దలకు చూపించాలి. వాళ్లు కొట్టేయమన్న వాక్యాన్ని వాదన పెట్టుకోకుండా కొట్టేయండి.

భోజనాల బాధ్యురాలు:
టమాటాలతో వండే పశ్చిమాఫ్రికా జోలాఫ్ అన్నం వాళ్లు తెస్తామన్నారు, పులిహోర, పెరుగన్నం మనవి. చేప, మాంసం ఉన్న గిన్నెలకు వేరే బల్ల, పెద్ద అక్షరాలతో చీటీలు కావాలి.