రోడ్స్ ద్వీపంలో వారం రోజులు: రిసార్టులోనే ఉండిపోతే డబ్బు దండగా?

పెన్నాతీరం:
వచ్చే ఆగస్టులో మేమిద్దరం, ఏడేళ్ల పాప, నెల్లూరు నుంచి వస్తున్న మా అత్తయ్య, మామయ్య కలిసి గ్రీసులోని రోడ్స్ ద్వీపానికి వెళుతున్నాము. ఫలిరాకి తీరంలో, తిండి ఖర్చులన్నీ కలిపిన రిసార్టుకు ముందే డబ్బు కట్టేశాము. కట్టిన డబ్బుకు తగ్గట్టు అక్కడే గడపాలా, బయటి ప్రదేశాలు చూడాలా అన్నది ఇంట్లో తేలడం లేదు. వెళ్లివచ్చినవారు చెప్పగలరు.

రాళ్లబాట:
ఈత కొలను గచ్చిబౌలిలోనూ ఉంటుంది. దానికోసం గ్రీసు దాకా వెళ్లనక్కరలేదు. 1309 నుంచి 1522లో ఆటమన్ తురుష్కులు గెలుచుకునే వరకు సెయింట్ జాన్ యోధులు అనే క్రైస్తవ సైనిక సంఘం వారు ఏలిన పాత పట్టణం, దాని కోటగోడలతో సహా, ఫలిరాకికి బస్సు దూరంలోనే ఉంది. యునెస్కో దానిని 1988లోనే ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లిండోస్‌కు తప్పక వెళ్లండి. కొండపైన ఎథీనా ఆలయం ఒక ఎత్తయితే, మెట్ల మొదట్లో కొండరాతిలోనే చెక్కిన ఓడ వెనుక భాగం మరొక ఎత్తు. చాలామంది ఆయాసపడుతూ దానిని గమనించకుండానే పైకి పోతారు.

శారదాంబ:
ఆగస్టు ఎండలో నీడ లేని ఆ కొండ ఎక్కడం ఎలా ఉంటుందో కూడా చెప్పవలసింది. పాత పట్టణం వీధుల్లో పరిచినవి సముద్రపు గుండ్రాళ్లు, వాటిమీద మోకాళ్ల నొప్పులున్నవారు పది అడుగులు వేయలేరు. ద్వీపానికి పడమటి తీరంలో వేసవి గాలులు హోరెత్తుతుంటే, ఫలిరాకి ఉన్న తూర్పు తీరంలో నీరు చాలావరకు నిలకడగా ఉంటుంది. పాప తాతయ్య చేయి పట్టుకుని నీళ్లలో ఆడుకోవడం కన్నా చూడదగ్గది ఏముంది?

గోంగూర_డబ్బా:
లిండోస్‌లో గాడిదలు ఉన్నాయిగా, ఎక్కితే సరి.

రాళ్లబాట:
వద్దు. తన బరువులో ఐదో వంతుకో, 100 కిలోలకో మించి గాడిదపై మోపరాదని 2018లోనే గ్రీసు ప్రభుత్వం నిర్దేశించింది. పాపను ఎక్కిస్తే ఎక్కించవచ్చు గాని, పెద్దవాళ్లను ఎక్కించేముందు ఆ ఐదో వంతు లెక్క చూసుకోండి.

గోంగూర_డబ్బా:
నా బరువు సంగతి ఇక్కడ ఎవరు అడిగారండీ?

మేడమీద_గది:
పాపను సీతాకోకచిలుకల లోయకు తీసుకెళ్లండి. చప్పట్లు కొడితే వేలకొద్దీ ఒక్కసారిగా లేస్తాయట.

రాళ్లబాట:
దయచేసి ఆ పని చేయకండి. పెటలూదెస్ లోయలోనివి అసలు సీతాకోకచిలుకలు కావు, ఒక జాతి చిమ్మెటలు. వేసవిలో ఆ చెట్ల చల్లదనానికి చేరి, తిండి లేకుండా, ఒంట్లోని శక్తిని దాచుకుంటూ కదలకుండా ఉంటాయి. చప్పట్లు కొట్టి లేపిన ప్రతిసారీ ఆ శక్తి వృథా అవుతుంది. జనం అలా లేపబట్టే వాటి సంఖ్య తగ్గింది.

శారదాంబ:
పురుగులను విశ్రాంతి తీసుకోనివ్వమని ఇంత ఓపికగా వివరించిన మీరు, నెల్లూరు నుంచి వస్తున్న పెద్దవాళ్లను మాత్రం తెల్లవారకముందే చప్పట్లు కొట్టి లేపి కొండ ఎక్కించమంటున్నారు.

రాళ్లబాట:
అమ్మా, మాట మార్చకండి. ఇంతకీ మీరు రిసార్టు గేటు దాటి ఆ ద్వీపంలో ఏం చూశారో చెబితే, అప్పుడు మాట్లాడుకుందాము.

శారదాంబ:
ఏమీ చూడలేదు. మనవడికి అప్పుడు తొమ్మిది నెలలు. ఎండలో పసివాడిని తిప్పలేము, మీరు హాయిగా విశ్రాంతి తీసుకోండి అని చెప్పి, అబ్బాయీ కోడలూ రోజూ పొద్దున్నే బయలుదేరేవారు. నేను గొడుగు కింద తోపుడు బండి ఊపుతూ కూర్చునేదాన్ని. సాయంత్రం వచ్చి ఫోనులో లిండోస్ ఫోటోలు చూపించేవారు. ఇరవై రెండేళ్లు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని, ఆ యోధుల కథ వాళ్లకన్నా నాకే ఎక్కువ తెలుసు. అందరూ ఒడ్డునే ఉంటే ఎవరూ వెనకబడరు కదా అన్నది నా వాదన. మోకాళ్ల సంగతి సాకు.

మేడమీద_గది:
మా అమ్మనూ అలాగే కూర్చోబెట్టాము. ఇప్పుడు తడుతోంది.

రాళ్లబాట:
నా మాట దురుసుగా వచ్చింది, మన్నించండి. కాని తప్పు మీ అబ్బాయిది, లిండోస్‌ది కాదు. వంతులు వేసుకుని బిడ్డను చూసుకుంటే ఎవరి రోజు వారికి దక్కేది. ఇందుకు అందరూ రిసార్టులో కూర్చోవడమే విరుగుడు అంటే నేను ఒప్పుకోను.

శారదాంబ:
మా వాణ్ణి అనే హక్కు నాకుంది, మీకు లేదు. వంతుల మాట బాగుంది. ఆ రాతి ఓడ మెట్లు ఎక్కకుండానే కనిపిస్తుందా?

రాళ్లబాట:
పైమెట్లన్నీ ఎక్కనక్కరలేదు. అయితే అక్కడి దాకా కొంత ఎక్కుడు తప్పదు. ఉదయం ద్వారం తెరిచే వేళకు చేరితే ఎండ అంతగా ఉండదు.

పెన్నాతీరం:
ఇదంతా చదివి నిన్న రాత్రి అత్తయ్యకు ఫోన్ చేసి, మీకు ఏం చూడాలని ఉంది అని మొదటిసారి అడిగాను. కొండలూ కోటలూ వద్దట, పడవ ఎక్కి పక్కనున్న సిమీ ద్వీపానికి వెళ్లి, రేవు చుట్టూ మెట్లుమెట్లుగా ఉన్న ఆ రంగురంగుల ఇళ్లను చూడాలట. ఆ రోజు పాపను మామయ్య చూసుకుంటారని కూడా ఆవిడే తేల్చేశారు. మామయ్యకు ఇంకా చెప్పలేదట.