రిసీవర్ కంటే వైర్లకే ఎక్కువ అడుగుతున్నారు, నిజంగా అంత పెట్టాలా?

కొత్తిల్లు_అనంతపురం:

అందరికీ నమస్తే. అనంతపురంలో మా ఇంటిమీద ఇంకో ఫ్లోరు వేస్తున్నాం. అందులో 22 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు ఉన్న గది ఒకటి సినిమాలకని పక్కన పెట్టుకున్నా. ఇంట్లో ఒప్పించడానికి ఆరు నెలలు పట్టింది, అది వేరే కథ. 4కె ప్రొజెక్టర్, 5.1 స్పీకర్లు, అంటే ఐదు స్పీకర్లు, బేస్‌కు ఒక సబ్‌వూఫర్ తీసుకున్నా, బొమ్మను ప్రొజెక్టర్‌కూ సౌండును స్పీకర్లకూ పంపే రిసీవర్ 48 వేలు పడింది. గోడలకు ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు, వైర్లేవో తేల్చమని బేల్దారి మేస్త్రీ రోజూ ఫోను.

బెంగళూరులో ఒక షాపుకు పోతే వైర్ల కొటేషన్ ఇట్లా ఇచ్చారు. రిసీవర్ నుంచి ప్రొజెక్టర్ దాకా 12 మీటర్ల "8కె సర్టిఫైడ్" హెచ్‌డీఎంఐ కేబుల్ 18,500. స్పీకర్ వైరు మీటరు 380 చొప్పున 60 మీటర్లకు 22,800. సబ్‌వూఫర్ వైరు 4,200. 2 మీటర్ల హెచ్‌డీఎంఐలు మూడు, ఒక్కోటి 2,900. మొత్తం 54,200! మామూలు వైర్లు వాడితే రిసీవర్ పూర్తి కెపాసిటీ బయటికి రాదు, బొమ్మలో రంగులు తేలిపోతాయి అని ఆయన గట్టిగా చెప్తున్నాడు. నాకేమో నమ్మబుద్ధి కావట్లేదు, కానీ ఒకసారి గోడలో పెట్టి పూసేసినాక మళ్లీ తీయలేం కదా అని టెన్షన్. వాడి చూసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

బళ్లారి_చౌరస్తా:

54 వేలా సామీ! ఆ డబ్బుకు మా కర్నూలులో సెకండ్‌హ్యాండ్ బండి వస్తుంది. మా ఇంట్లో టీవీకి సెట్‌టాప్ బాక్సుతో పాటు ఊరికే వచ్చిన హెచ్‌డీఎంఐ వైరే నాలుగేళ్లుగా నడుస్తోంది, బొమ్మ అద్దం మాదిరి ఉంది. డిజిటల్ అంటే వస్తే వస్తుంది, రాకుంటే రాదు, అంతే. 300 రూపాయల వైరు కొనుక్కుని మిగిలిన దాంతో మంచి సోఫా తెచ్చుకో.

కడప_వైరింగోడు:

చౌరస్తా అన్న చెప్పింది సగం నిజం. ఆ సగాన్నే నమ్ముకుని 12 మీటర్ల వైరు గోడలో పూడ్చేస్తే మాత్రం తర్వాత ఏడుపే. నేను కడపలో కరెంటు పని, దాంతో పాటు ఈ హోమ్ థియేటర్ ఫిట్టింగులు చేస్తుంటా, కాబట్టి కాస్త వివరంగా రాస్తా, ఓపికగా చదవండి.

మంచి హెచ్‌డీఎంఐ కేబుల్ పెడితే రంగులు పెరగవు, నలుపు ఇంకా నల్లగా అవదు. అది పక్కా. అన్న మాటలో నిజమైన సగం అదే. కానీ కేబుల్ చాలకపోతే జరిగేది వేరే. తెర మీద తెల్ల చుక్కలు నక్షత్రాల మాదిరి మెరుస్తాయి, లేదా సినిమా మధ్యలో రెండు సెకన్లు తెర నల్లగా అయిపోయి మళ్లీ వస్తుంది, ఇంకా చాలకపోతే అసలు సిగ్నలే లేదంటుంది. చౌరస్తా అన్న ఇంట్లో వైరు బహుశా ఒకటిన్నర మీటరు ఉంటుంది, సెట్‌టాప్ బాక్సు పంపేది కూడా తక్కువే, దానికి ఏ వైరైనా చాలు. 4కె బొమ్మ సెకనుకు 60 ఫ్రేములు పోవాలంటే సెకనుకు 18 గిగాబిట్ల డేటా పట్టే దారి కావాలి, 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 స్టాండర్డ్ లెక్క అది. 2017లో వచ్చిన 2.1 దాన్ని 48కి పెంచింది. 8కె కోసం, గేములు 120 ఫ్రేముల్లో ఆడేవాళ్ల కోసం అది. మీ ప్రొజెక్టర్ 4కె 60 వరకే అయితే 18 చాలు. సినిమాలైతే 24 ఫ్రేములే కాబట్టి 9 గిగాబిట్ల దగ్గరే నడిచిపోతాయి.

ఇప్పుడు సర్టిఫైడ్ అనే మాట సంగతి. అది మోసం కాదు, నిజంగా ఉంది. "ప్రీమియం హై స్పీడ్" అంటే 18 గిగాబిట్లకు, "అల్ట్రా హై స్పీడ్" అంటే 48కి టెస్ట్ చేసి పాసైనట్టు. ప్యాకెట్ మీద క్యూఆర్ కోడ్ ఉన్న లేబుల్ ఉంటుంది, హెచ్‌డీఎంఐ వాళ్ల యాప్‌తో స్కాన్ చేస్తే అసలుదో కాదో చెప్తుంది. అల్ట్రాలో అయితే ఏ పొడవుకు ఆ పొడవు విడిగా పాసవ్వాలి, 2 మీటర్లది పాసైందని 12 మీటర్లది పాసైనట్టు కాదు. ఇక్కడ కిటుకు ఏంటంటే, అది పదో తరగతి పాసు సర్టిఫికెట్ లాంటిది, అందులో మార్కులు ఉండవు. 700 రూపాయల వైరు పాసైనా 2,900 వైరు పాసైనా పని ఒకటే. సర్టిఫికెట్‌కు డబ్బు పెట్టండి, దాని మీద ఉన్న అల్లిక తొడుగుకూ బంగారు రంగు పెట్టెకూ పెట్టొద్దు. నేను ఆ 2 మీటర్లవి లేబుల్ ఉన్నవే 700, 800లో తెచ్చి పెడుతున్నా.

12 మీటర్లది మాత్రం వేరే రకం తీసుకోవాలి. మామూలు రాగి కేబుల్ మీద 48 గిగాబిట్లు 3 నుంచి 5 మీటర్లు దాటి పోవడం కష్టం, 18 కూడా అంత దూరం నమ్మకంగా పోదు. అందుకని ఆప్టికల్ హెచ్‌డీఎంఐ, అంటే లోపల ఫైబర్ ఉన్నది తీసుకోండి. దానికి ఒకే దిక్కు, ఒక తల మీద సోర్స్ అని, ఇంకో తల మీద డిస్‌ప్లే అని రాసి ఉంటుంది. తిరగేసి పెడితే పనిచేయదు. మరీ మడత పెట్టి వంచకూడదు.

దీని మీద నాకే ఒక దెబ్బ తగిలింది. మొదట్లో ఒకరింట్లో 15 మీటర్ల రాగి కేబుల్‌ను పైపు లేకుండా నేరుగా గాడి కొట్టి పెట్టి పూయించేశా. హెచ్‌డీ బాగానే వచ్చింది, ఏడాది తర్వాత వాళ్లు 4కె ప్రొజెక్టర్ కొంటే చుక్కలే చుక్కలు. పెయింటు వేసిన గోడ మళ్లీ పగలగొట్టాల్సి వచ్చింది. ఆ ఖర్చు నేనే పెట్టుకున్నా. అప్పటి నుంచి పైపు లేకుండా పనే ఒప్పుకోను. మామూలు ముప్పావు ఇంచి పైపులో హెచ్‌డీఎంఐ తల పట్టదు, ఆ తల దాదాపు 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఒకటిన్నర ఇంచి పైపు వేయించండి, మలుపుల దగ్గర ఎల్బో పెట్టొద్దు, బెండు తిప్పమనండి, లోపల ఒక నైలాన్ తాడు వదిలేయండి. కరెంటు వైర్లు అదే పైపులో దూర్చొద్దు. కేబుల్ కొన్నాక పైపులో లాగకముందే నేల మీద పరిచి ప్రొజెక్టర్‌కు తగిలించి ఒక గంట 4కె హెచ్‌డీఆర్ వీడియో ఆడించి చూడండి.

ఇంకోటి, యాప్‌లు ప్రొజెక్టర్‌లో చూస్తారా? అట్లయితే సౌండు వెనక్కి రిసీవర్‌కు రావాలి, దానికి ఏఆర్‌సీ పనిచేసే కేబుల్ కావాలి. ఆ తలనొప్పి లేకుండా స్ట్రీమింగ్ స్టిక్‌ను రిసీవర్‌కే తగిలించేయండి.

సీమ_స్టీరియో:

హెచ్‌డీఎంఐ గురించి వైరింగోడు అన్నతో గొడవ లేదు. కానీ స్పీకర్ వైరు డిజిటల్ కాదు కదా, అక్కడ తేడా తప్పకుండా ఉంటుంది. నేను కర్నూలులో స్టీరియో వింటా, 20 ఏళ్ల అలవాటు. మీటరు 1,200 పెట్టి వెండి పూత ఉన్న వైరు మార్చినాక బేస్ బిగుతుగా అయింది, పాటలో తబలా వేలి మొన తగలడం కూడా వినిపించింది. చెవి ఉన్నవాళ్లకు తెలుస్తుంది. లెక్కలేసి చెప్పేవాళ్లకు తెలియదు.

రిటైర్డ్_ఫిజిక్స్:

లెక్కలేసేవాణ్ణే, అనంతపురంలో డిగ్రీ పిల్లలకు చాలా ఏళ్లు పాఠం చెప్పిన చెయ్యి ఇది, కాబట్టి లెక్కే చెప్తా, కోపం తెచ్చుకోవద్దు నాయనా.

కొత్తిల్లు అబ్బాయి గదిలో వెనక స్పీకర్‌కు వైరు ఎంత చుట్టి తెచ్చినా 14 మీటర్లు అనుకుందాం. పోను, రాను 28 మీటర్ల రాగి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు దాదాపు 7 మిల్లీ ఓములు, అంటే మొత్తం 0.2 ఓము. స్పీకర్ 8 ఓములు. దీనివల్ల తగ్గే శబ్దం పావు డెసిబెల్ కూడా ఉండదు, చెవికి ఆనదు. 8 ఓముల స్పీకర్‌కు వైరు రెసిస్టెన్స్ 0.4 ఓము దాటకుండా, అంటే 5 శాతం లోపు చూసుకుంటే సరిపోతుందని వాడుకలో ఉన్న లెక్క. 1.5 తీగతో కూడా ఆ లోపే ఉంటారు. వెండి రాగి కంటే 6 శాతం మాత్రమే మెరుగు, అంత తేడా కావాలంటే రాగి తీగనే కొంచెం లావుది కొనుక్కోవచ్చు. ఇక బంగారు పూత అంటారు, బంగారం రాగి కంటే తక్కువగానే కరెంటు పోనిస్తుంది, ఆ పూత తుప్పు పట్టకుండా ఉండటానికి. బంగారమే కొనాలంటే ప్రొద్దుటూరు పోండి, అక్కడ కనీసం మళ్లీ అమ్ముకుంటే డబ్బులొస్తాయి.

మోసం జరిగేది ఇంకోచోట. అల్యూమినియం తీగకు పైన రాగి పూత పూసి రాగి పేరుతో అమ్ముతారు, సీసీఏ అంటారు. అల్యూమినియం రాగిలో 60 శాతం మాత్రమే పోనిస్తుంది, పైగా మెలిపెడితే విరుగుతుంది. ఒక పోగు తీసి కత్తితో గీకండి, లోపల తెల్లగా కనబడితే వద్దు. చేత్తో పట్టుకుంటే కూడా బాగా తేలిగ్గా ఉంటుంది. అసలు రాగిది రెండు తీగల వైరు కరెంటు సామాన్ల షాపులోనే దొరుకుతుంది, నేను కొన్నప్పుడు మీటరు 70 పడింది, 60 మీటర్లు తీసుకున్నా 4,200.

బేస్ బిగుతైంది అన్న మాట మీద ఒకటి చెప్పాలి. మా అల్లుడు కూడా ఇట్లాగే ఒక ఖరీదైన వైరు తెచ్చాడు. నేను ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి, వెనక నిలబడి ఒకసారి అది, ఒకసారి పాతది తగిలించి, ఏది ఏదో చెప్పమన్నా. పదిసార్లలో ఐదుసార్లు కరెక్టుగా చెప్పాడు. రూపాయి బిళ్ల ఎగరేసినా అంతే వస్తుంది. అల్లుడు కాబట్టి నేనింకేమీ అనలేదు.

డబ్బు పెట్టాలనుకుంటే గది మీద పెట్టండి. మనవైపు ఇళ్లలో నేల కడప బండో, బేతంచెర్ల బండో, లేదంటే టైల్సో, గోడలు నున్నగా, పైన కాంక్రీటు. ఖాళీ గదిలో నిలబడి చప్పట్లు కొట్టి చూడండి, గణగణమని తిరిగొస్తుంది. మాటలు అర్థంకాక సబ్‌టైటిల్స్ పెట్టుకునేది అందుకే. కింద మందపాటి తివాచీ, గోడకు దట్టమైన తెరలు వేస్తే వచ్చే తేడా ఏ వైరూ తేలేదు, అది చెవి లేనివాళ్లకు కూడా వినిపిస్తుంది.

సీమ_స్టీరియో:

సార్, మీ అల్లుడి చెవి సంగతి నాకు తెలియదు. 😀 నేను మాత్రం నా వైరు తీయను. పాత జంపకానా ఒకటి అటక మీద ఉంది, ఆదివారం వేసి చూస్తా.

కొత్తిల్లు_అనంతపురం:

అందరికీ చాలా థ్యాంక్స్. అన్న చెప్పినట్టు ఆ షాపాయనకు వాట్సాప్‌లో 12 మీటర్ల కేబుల్ ప్యాకెట్ ఫోటో పంపమన్నా. ముందు వైపు "8కె సర్టిఫైడ్" అని పెద్ద అక్షరాలు, తిప్పి చూపించమంటే క్యూఆర్ లేబుల్ ఎక్కడా లేదు. అడిగితే స్టిక్కర్ ట్రాన్స్‌పోర్టులో ఊడిపోయింది సార్ అన్నాడు. ఆప్టికలేనా అంటే అది ప్యూర్ కాపర్, అంతకంటే మంచిది అన్నాడు. నమస్కారం పెట్టి వదిలేశా.

ఒక తప్పు మాత్రం ముందే జరిగిపోయింది. నేను ఇక్కడ రాసేలోపే మేస్త్రీ తొందరపడి ఒక గోడకు ముప్పావు ఇంచి పైపు పెట్టి పూసేశాడు. సీలింగ్ వరకు అదే దారి. మళ్లీ పగలగొట్టించాలా? సబ్‌వూఫర్ వైరు సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

కడప_వైరింగోడు:

పగలగొట్టొద్దు. ఆప్టికల్‌లో తల ఊడదీసే రకం ఉంది, సన్నటి తలతో పైపులోంచి లాగి తర్వాత పెద్ద తల తగిలించుకోవడమే. ముందు ఎలక్ట్రీషియన్ దగ్గర స్ప్రింగ్ తీసుకుని పైపులో తోయించి చూడు, ఎల్బోలు ఉంటే అక్కడే ఆగిపోతుంది. ఆగితే గోడ వదిలేసి సీలింగ్ అంచున ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ వేయించు, గోడ రంగే కొడితే కనబడదు.

సబ్‌కు 4,200 అక్కర్లేదు, డిష్‌కు వాడే ఆర్‌జీ6 వైరుకు రెండు పక్కలా ఆర్‌సీఏ పిన్నులు వేయిస్తే పని జరిగిపోతుంది. సబ్ నుంచి గుయ్‌మని హమ్ వస్తే వైరును తిట్టొద్దు, చాలాసార్లు అది ఎర్తింగ్ గొడవ. రిసీవర్, సబ్ రెండూ ఒకే బోర్డు నుంచి తీసుకోండి, ఎర్త్ పిన్ను మాత్రం ఎవరు చెప్పినా పీకొద్దు. మన నేల ఎండాకాలం రాయి మాదిరి ఎండిపోతుంది, ఎర్త్ గుంతలో అప్పుడప్పుడు బిందెడు నీళ్లు పోయించండి.

కొత్తిల్లు_అనంతపురం:

స్ప్రింగ్ తోయించా అన్నా, ఒకచోట కొంచెం పట్టింది గానీ పోయింది. తల ఊడే ఆప్టికల్, లేబుల్ ఉన్నది 6,400కి ఆర్డర్ పెట్టా, శుక్రవారం వస్తుంది. స్పీకర్ వైరు ఇక్కడే టవర్ క్లాక్ దగ్గర షాపులో తీసుకున్నా, షాపులోనే కత్తి అడిగి గీకితే ఆయన ఒక చూపు చూశాడు. లోపల ఎర్రగానే ఉంది. కేబుల్ రాగానే నేల మీద పరిచి గంట ఆడించి ఇక్కడ రాస్తా. తివాచీ ఖర్చు ఇంట్లో ఎట్లా చెప్పాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు.