60, 100 వాట్ల బల్బులు సిరీస్‌లో: ఏది ఎక్కువ వెలుగుతుంది?

పదోక్లాస్_కుర్రాడు: సార్, విద్యుత్ పాఠంలో ఒక డౌట్. 230 వోల్టులకి తయారైన 60 వాట్ల బల్బు, 100 వాట్ల బల్బు శ్రేణిలో (సిరీస్‌లో) కలిపితే 60దే ఎక్కువ వెలుగుతుందని గైడులో ఉంది, ఎలా? పైగా పవర్‌కి ఉన్న రెండు సూత్రాల్లో ఐ స్క్వేర్ ఆర్ (కరెంటు × కరెంటు × నిరోధం) చూస్తే నిరోధం పెరిగితే పవర్ పెరగాలి, వి స్క్వేర్ బై ఆర్ (వోల్టేజి × వోల్టేజి ÷ నిరోధం) చూస్తే తగ్గాలి. ఏది నమ్మాలి? పరీక్షలు దగ్గరపడ్డాయి, టెన్షన్‌గా ఉంది.

ఫిజిక్స్_మాస్టారు: గైడు కరెక్టే బాబూ. సూత్రం ఎత్తుకునే ముందు సర్క్యూట్‌లో ఏది మారకుండా ఉందో చూడు. ఇంట్లో బల్బులు సమాంతరంగా ఉంటాయి, అన్నిటికీ అవే 230 వోల్టులు, అందుకే నిరోధం తక్కువున్నది ఎక్కువ కరెంటు లాగి బాగా వెలుగుతుంది. శ్రేణిలో ఉన్నది ఒకటే దారి, ఒక బల్బులోంచి సెకనుకి ఎన్ని కులూంబుల ఛార్జి పోతే రెండోదాంట్లోంచీ అన్నే పోతాయి. మొదటి బల్బు కొంత కరెంటు వాడేసుకుని మిగిలింది రెండోదానికి వదులుతుందని చాలామంది పిల్లలు అనుకుంటారు, అది మాత్రం మనసులోంచి తీసెయ్.

ఇక లెక్క. బల్బు మీద రాసిన వాట్లు 230 వోల్టులు పూర్తిగా అందినప్పటి మాట, దాన్నుంచి నిరోధం తీయాలి. 230 × 230 ÷ 60 అంటే సుమారు 882 ఓమ్‌లు, రెండోదానికి 529. మొత్తం 1411. 230ని దాంతో భాగిస్తే 0.163 ఆంపియర్లు, రెండిట్లోనూ ఇదే. ఇప్పుడు ఐ స్క్వేర్ ఆర్ వెయ్యి: 60 బల్బుకి 23.4 వాట్లు, 100 దానికి 14 వాట్లు. వి స్క్వేర్ బై ఆర్‌తో చేసినా ఇంతే వస్తుంది, కాకపోతే 230 కాదు, ఒక్కో బల్బు మీద పడే వోల్టేజి వెయ్యాలి: సుమారు 144, 86.

వైరింగ్_పని: తమ్ముడూ, మా సిరీస్ బోర్డు పనిచేసేది ఇలాగే. రిపేరుకొచ్చిన మిక్సీనో ఇస్త్రీపెట్టెనో నేరుగా ప్లగ్గులో పెట్టం, ముందు 100 వాట్ల ఫిలమెంట్ బల్బుతో సిరీస్‌లో పెడతాం. లోపల షార్ట్ ఉంటే అక్కడ నిరోధం దాదాపు సున్నా కాబట్టి 230 మొత్తం బల్బు మీదే పడి ఫుల్లుగా వెలుగుతుంది, అయినా అర ఆంపియరు కూడా దాటదు, ఫ్యూజు పోదు. అసలు వెలగలేదంటే ఎక్కడో తీగ తెగిందని. నువ్వు మాత్రం ఇంటి కరెంటుతో ఇవి చెయ్యకు, టార్చి బల్బులు, బ్యాటరీ చాలు.

పదోక్లాస్_కుర్రాడు: థాంక్స్ సార్, థాంక్స్ అన్నా. ఇంకొక్కటి, సిరీస్‌లో బల్బు అంతగా వేడెక్కదు కదా, అప్పుడూ 882 ఓమ్‌లే ఉంటుందా?

ఫిజిక్స్_మాస్టారు: ఉండదు, మంచి ప్రశ్న. బల్బు ఫిలమెంట్‌లోని టంగ్‌స్టన్ తీగ చల్లబడితే నిరోధం బాగా తగ్గుతుంది. ఇక్కడ రెండూ తగ్గుతాయి, 100 వాట్లది ఇంకా ఎక్కువ తగ్గుతుంది, కాబట్టి నిజంగా కలిపి చూస్తే తేడా మన లెక్క కంటే పెద్దదే. పరీక్షలో మాత్రం నిరోధం మారదనుకునే చెయ్యి, ఆ మాట జవాబు మొదట్లోనే ఒక లైను రాసెయ్.