సెయిలింగ్ పడవలవాళ్ల గైడు పుస్తకం అచ్చు వేయించడం ఎలా?

సెయిలింగ్ పడవల్లో తిరిగేవాళ్ల కోసం, లంగరు వేసుకునే చోట్ల మీద గైడు పుస్తకం రాస్తున్నాను. అడుగున ఇసుకా రాయా, ఏ గాలికి అలలు లోపలికి కొడతాయి, రాత్రి ఏ దీపం గుర్తు పెట్టుకోవాలి, ఇవన్నీ సిద్ధం. టెన్షనంతా మ్యాపులతోనే. అడ్మిరాల్టీ చార్టు (బ్రిటన్ ప్రభుత్వ సంస్థ వేసే సముద్ర మ్యాపు) చూసి స్కెచ్ గీస్తే కాపీరైట్ అనుమతి కావాలి. మరి నా సొంత డెప్త్ సౌండర్ (నీటి లోతు కొలిచే పరికరం) కొలతల్ని ఆటుపోట్లకు సరిచేసి, డబ్ల్యూజీఎస్ 84 (జీపీఎస్ వాడే కొలమానం) అక్షాంశ రేఖాంశాలతో గీస్తే సరిపోతుందా? సెయిలింగ్ గైడ్లు వేసే ఇమ్రే లాంటి ప్రచురణకర్తలు కొత్తవాళ్ల రాతప్రతి చూస్తారా? ఆర్డరు వచ్చినప్పుడే అచ్చేసే పద్ధతి మేలా (తడిస్తే ఆ బైండింగు నిలుస్తుందా అని నా అనుమానం)? ఒక్క తుఫానుకే ఇసుకమేటలు చోటు మారిపోతాయి, అచ్చయ్యాక దిద్దుబాట్లు పాఠకులకు ఎలా అందిస్తున్నారు? ముద్రణ ఆగిపోయిన పాత గైడ్లు ఎక్కడ వెతకాలో కూడా తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.