బొమ్మలు సేకరించేవారి బృందంలో చేరితే కలిగే ఆనందం ఏమిటి?

ప్రశ్న (విజయనగరం)

మా అత్తగారు నిరుడు కాలం చేసిన తరువాత ఆవిడ ట్రంకుపెట్టె నా చేతికి వచ్చింది. అందులో ఏటికొప్పాక లక్కపిడతలు, రంగు వెలిసిన కొండపల్లి దశావతారాలు, చేయి విరిగిన మట్టి వెన్నకృష్ణుడు, గౌను తొడిగిన ఒక రబ్బరు పాప ఉన్నాయి. సంక్రాంతికి వాటితో కొలువు పెట్టగా, పేరంటానికి వచ్చిన పొరుగింటావిడ, ఊళ్లో బొమ్మలు సేకరించేవారు నెలకొకసారి కలుసుకుంటారని చెప్పి నన్నూ రమ్మన్నారు. నా దగ్గర ఖరీదైనవి లేవు, వాటి గురించి నాకు తెలిసినదీ తక్కువే. ఇంట్లో ఒక్కదాన్నే చూసుకుని మురిసిపోవడం కన్నా నలుగురితో కలవడం వల్ల అదనంగా దక్కేది ఏమిటో, అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (శ్రీకాకుళం)

అమ్మా, ఇటువంటి బృందంలో నేను ఆరేళ్లుగా ఉన్నాను. మొదటిసారి ఒక చిన్న లక్కబొమ్మను మాత్రమే తీసుకువెళ్లాను. ఒక పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని, అంకుడు కర్రను తరిమెన (కర్రను గిర్రున తిప్పే సాధనం) మీద తిప్పుతూ లక్కను ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుందనీ, ఆపైన మొగలి ఆకుతో రుద్దితే ఆ నిగారింపు వస్తుందనీ వివరించారు. కుంచెతో పూసిన రంగనే నేను అన్నాళ్లూ అనుకున్నాను. ఇరవై ఏళ్లు నా అలమరలో ఉన్న బొమ్మను ఆ సాయంత్రమే సరిగ్గా చూశాను.

మరుసటి నెల ఒకరు జపాను నుంచి బంధువులు తెచ్చిన కొకేషీ బొమ్మను చూపించారు. కాళ్లూ చేతులూ లేని ఆ బొమ్మ కూడా తరిమెన మీద తయారైనదే. దాన్ని నా లక్కబొమ్మ పక్కన నిలబెట్టి చూస్తూ ఉండగా మాట హినా మత్సురి మీదికి మళ్లింది. మార్చి 3న వచ్చే ఆ ఆడపిల్లల పండుగకు అక్కడివారు ఎర్రబట్ట పరచిన మెట్ల మీద బొమ్మలు పేర్చి, చక్రవర్తి దంపతులను అన్నిటికన్నా పై మెట్టున ఉంచుతారట. బేసి సంఖ్యలో మెట్లు కట్టి కొలువు తీర్చే మనకు ఆ ముచ్చట ఎంత దగ్గరగా తోచిందో చెప్పలేను. ఆ రాత్రి తొమ్మిదైనా ఎవరూ లేవలేదు.

సమాధానం (బొబ్బిలి)

మీ దశావతారాలను తడిబట్టతో తుడవకండి. కొండపల్లి బొమ్మల అవయవాలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు కనుక వాటికి తేమ పనికిరాదు. మెత్తని పొడి కుంచె చాలు. రబ్బరు పాపను లక్కబొమ్మలకు తగలకుండా విడిగా చుట్టి ఉంచండి. ఈ జాగ్రత్తలన్నీ నాకు మా బృందంలోనే తెలిశాయి. నా కొలువులో సరస్వతి పక్కన చిన్న బొబ్బిలి వీణ ఉంటుంది; దాని మెడ విరిగితే బృందంలోని ఒకాయన రెండు ఆదివారాలు మా ఇంటికి వచ్చి అతికించి వెళ్లారు.

సమాధానం (విజయనగరం)

నేను కొంత భిన్నంగా చెప్పవలసి ఉంది. నేను మొదట చేరినచోట ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయన్న లెక్కే ప్రధానమైపోయి, అవసరం లేని బొమ్మలు కొని అలసిపోయి మానేశాను. ఇప్పుడున్న బృందంలో ఒక నియమం పాటిస్తాము: నెలకు ఒక్కొక్కరు ఒకే బొమ్మను తెచ్చి, అది తమ ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. చేరే ముందు అక్కడి పద్ధతి ఏమిటో అడిగి తెలుసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పొరుగింటావిడను అడిగితే ఇక్కడా మనిషికి ఒక బొమ్మ చొప్పునే తెస్తారని చెప్పారు. ఆ రబ్బరు పాప ఎవరిదో తెలుసుకుందామని పాలకొండలో ఉన్న మా ఆడపడుచు గారికి ఫోను చేశాను. అది ఆవిడదేనట, తనకు జ్వరం వచ్చి బడి మానేసిన రోజుల్లో మా అత్తగారు పొందూరు ఖద్దరు ముక్కతో ఆ గౌను కుట్టారట. బొమ్మ ఇంకా ఉందని తెలిసి ఆవిడ చాలాసేపు మాట్లాడలేకపోయారు. వచ్చే నెల సమావేశానికి తానూ వస్తానన్నారు. ఇద్దరం కలిసి ఆ పాపనే తీసుకువెళ్తాము.